వేలు చూపి, పైకి పలికి

"గ్యాసు కట్టేశాను," అంది అమ్మ, స్టవ్ నాబ్‌ను తాకి, దానివైపు వేలు చూపిస్తూ.

"ఇంకోసారి," అన్నాడు నాన్న.

"గ్యాసు కట్టేశాను."

"ఊఁ. ఇప్పుడు కిటికీ."

గుమ్మంలో బ్యాగు దించిన చిట్టికి ఒళ్ళు మండింది. వేరే ఊళ్ళో ఉద్యోగం. ఎన్నాళ్ళకో నాలుగు రోజులు సెలవు దొరికి ఇంటికొస్తే ఇదీ వరస. యాభై ఏళ్ళ అమ్మ ఒకటో తరగతి పిల్లలా వంటింట్లో నిలబడి పాఠం అప్పజెబుతోంది.

నాన్న తొమ్మిదేళ్ళు జపాన్‌లో రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. ఒప్పందం ఇంకా రెండేళ్ళు ఉండగానే, మూడు నెలల కిందట సామాను సర్దుకుని వచ్చేశాడు. మనిషైతే వచ్చాడు గానీ మనసు అక్కడే వదిలేశాడని చూసినవాళ్ళంతా అన్నారు. ఎవరేమిచ్చినా రెండు చేతులతో అందుకుంటాడు. పాలుపోసే అతనికి కూడా నడుం వంచి మర్యాద చేస్తాడు. భోజనానికి ముందు చేతులు జోడించి ఆ భాషలో ఏదో గొణుక్కుంటాడు. వీధిలోవాళ్ళు 'జపాను మావయ్య' అని పేరు పెట్టేస్తే మురిసిపోయాడు తప్ప కోపం తెచ్చుకోలేదు.

ఫోనులో వింటున్నంత కాలం చిట్టికి ఇదంతా ముచ్చటగానే ఉండేది. కళ్ళారా చూశాక నవ్వు రాలేదు. వంటింటి అరల్లో ఒక్కో డబ్బాకి ఒక్కో గడి. డబ్బా గీత దాటడానికి వీల్లేదు. ఉప్పు డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకి రెండు. షెడ్డులో పనిముట్లకు గుర్తులు అలాగే ఉండేవట. మెట్ల అంచులకు పసుపురంగు గరుకు పట్టీలు, అక్కడి ప్లాట్‌ఫారాల మీద ఉన్నట్టు. అన్నీ ఉన్నాయి గానీ, అమ్మ కుట్టుమిషను ఉండే మూల మాత్రం ఖాళీ.

"మిషనేదమ్మా?"

"ఇచ్చేశాను. ఎన్నాళ్ళని కుడతాను?"

"ఇచ్చేయమని ఎవరన్నారు? నాన్నేనా?"

అమ్మ మాట మార్చేసింది. అసలే నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ తరఫున మాట్లాడటానికి తను తప్ప ఎవరున్నారని చిట్టి ఆ పూటే తీర్మానించుకుంది.

సాయంత్రం ఇద్దరూ నడకకు బయలుదేరితే వెనకాలే వెళ్ళింది. అక్కడా పాఠమే.

"గేటు నుంచి మందుల షాపుకి?"

"నూట నలభై రెండు అడుగులు."

"మలుపెక్కడ?"

"అరవై దగ్గర. ఎడమచేతికి."

చిట్టి ఇక ఆగలేకపోయింది. "నాన్నా, అమ్మేమన్నా మీ షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడా?"

నాన్న నెమ్మదిగానే జవాబిచ్చాడు. "అక్కడ ముప్పై ఏళ్ళ అనుభవమున్న డ్రైవరు కూడా సిగ్నలువైపు వేలు చూపించి, పైకి చెప్పి గానీ రైలు కదపడమ్మా. బాగా అలవాటైన పనిలోనే మనిషి ఏమరుపాటు పడేది. చేరిన కొత్తలో నాకూ సిగ్గేసింది. మా మేస్త్రి, అరవై దాటిన పెద్దమనిషి, నెలరోజులు నా పక్కన నిలబడి నాతోపాటు తనూ పైకి చెప్పాడు. తొమ్మిదేళ్ళలో నా చేతి మీదుగా ఒక్క బోల్టు వదులుగా పోలేదు."

ఆ షెడ్డంటే, ఆ మనుషులంటే ఆయనకు ప్రాణం. అది నటన కాదని చిట్టికీ తెలుసు. అందుకే ఇంకా భయమేసింది. అంత ప్రేమ నెత్తిన పడితే అమ్మలాంటి మనిషి నలిగిపోదూ?

మర్నాడు పొద్దున ఆ మేస్త్రి దగ్గర్నుంచే ఉత్తరం వచ్చింది. కొత్తవాళ్ళకు పని నేర్పడానికి మూడేళ్ళు రమ్మని, సరేనంటే నెలాఖరులోగా రాయమని. నాన్న దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. మడతపెట్టి చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"రాలేనని రాసేస్తాను," అన్నాడు చివరికి.

"వెళ్ళండి నాన్నా," అంది చిట్టి. గొంతు గట్టిగానే వచ్చింది. "మీకు అక్కడ ఉండాలని ఉంది. ఇక్కడ అమ్మను పట్టుకుని ఆ షెడ్డునే ఇంట్లో కట్టుకుంటున్నారు. మిషను తీయించేశారు. తన వంటింట్లో తనకిష్టమైన చోట ఒక గరిటె పెట్టుకునే దిక్కు లేదు ఆవిడకి. మీరు వెళ్ళకపోతే నేనే అమ్మను నాతో తీసుకెళ్ళిపోతాను."

నాన్న ఏదో చెప్పబోయాడు. అమ్మ వైపు చూసి ఆగిపోయాడు. తలదించుకుని ఉత్తరాన్ని మళ్ళీ కవరులో పెట్టసాగాడు. అది చూసి చిట్టికి ఏడుపొచ్చింది.

"ఆయన్నేమీ అనకు," అంది అమ్మ. "వచ్చేయమని ఫోను చేసింది నేను. ఆ పద్ధతంతా నాకు నేర్పమని పోరు పెట్టిందీ నేనే. ఆయన విసుక్కున్నా నేను వదలడం లేదు."

"నీకెందుకమ్మా ఈ తిప్పలు?"

అమ్మ దగ్గరికి వచ్చి చిట్టి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. నుదురు, కనుబొమలు, తడిసిన చెంపలు వేళ్ళతో నెమ్మదిగా తడిమింది.

"వచ్చే ఏడాదికి నాకు చూపు ఉండదట తల్లీ."