కొత్త షటిల్

“కొత్త షటిల్‌కి పద్దెనిమిది రూపాయలు రాశావు. ఏదీ, కొత్తది?”

తెరేసమ్మ తన కుట్టుమిషన్లోంచి, కింది దారం కండె ఉండే షటిల్ ఊడదీసి తెచ్చింది. దాన్నీ, బిల్లునీ నాగూర్ బల్లమీద టప్పున పెట్టింది. వన్‌టౌన్‌లో పంజా సెంటరు పక్క సందులో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు నాగూర్‌ది. అప్పటికే ఇద్దరు టైలర్లు అక్కడ కూర్చుని ఉన్నారు.

“ఈ గాటు చూశావా? దారం తెగుతోందని పోయినేడు ఆకురాయితో నేనే రుద్దాను. నా షటిల్‌ని నేను గుర్తుపట్టలేననుకున్నావా?”

నాగూర్ షటిల్ వంక చూడలేదు. బిల్లు వంక చూశాడు. అది అతని చేతిరాతే.

“మీ ఇంటాయన బిల్లు చూసుకునే డబ్బు కట్టి, మిషన్ పట్టుకెళ్ళారమ్మా. ఇప్పుడొచ్చి నన్నడిగితే నేనేం చెప్పేది?”

“ఆయన లారీ ఆఫీసులో గుమాస్తా. షటిల్‌కీ సీలకీ తేడా తెలీదు. అందుకేగా ఆయన చేతిలో పెట్టి పంపావు! నేనిచ్చి పంపిన డబ్బు నాకిచ్చెయ్.”

“ఇవ్వలేనమ్మా.”

“పోనీ కొత్తది వెయ్యి.”

నాగూర్ పక్కనున్న మిషన్ ముందుకు లాక్కుని నూనె చుక్కలు వేయడం మొదలుపెట్టాడు.

అతను ఎదురు తిరిగి నాలుగు మాటలన్నా ఆమె ఊరుకునేదేమో. ఆ మౌనం పుండు మీద కారం చల్లినట్టయింది. జాకెట్టుకు రూపాయి కుట్టుకూలి. పద్దెనిమిది జాకెట్ల కష్టం అది.

“నీ కొట్టు మూయించకపోతే నా పేరు తెరేసమ్మే కాదు!” అని టైలర్లిద్దరూ వినేలా అనేసి, షటిల్ తీసుకుని బయటికి వచ్చింది.

ఇంట్లో భర్త బాలశౌరి అంతా విని, “పద్దెనిమిది రూపాయల కోసం ఊరు మీద పడతావా? పోనిద్దూ!” అన్నాడు.

“మీకు రోషం లేదు. నాకుంది,” అంది తెరేసమ్మ.

తాముండే గుణదలలో ఆమెకు తెలియని కుట్టుపని మనిషి లేదు. బిల్లు కొంగున ముడేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మిషన్ విప్పి, ఆ గాటు చూపించింది. చర్చిలో ఆడవాళ్ళ మీటింగులో ప్రార్థన అయీ కాకముందే లేచి నాగూర్ సంగతి చెప్పింది. అప్పటికీ కసి తీరలేదు.

కాన్వెంటులో కుట్టుపని నేర్పే బడిలో ఇరవై మిషన్లున్నాయి. అవన్నీ నాగూర్ చేతి మీద నడిచేవే. తెరేసమ్మ తిన్నగా మదర్ దగ్గరికి వెళ్ళింది. మదర్ నాగూర్‌ని పిలిపించి, తెరేసమ్మ ఎదురుగానే అడిగింది.

“కొత్త షటిల్ వేసినట్టు బిల్లు రాశావా?”

“రాశానండి.”

“వేశావా?”

“లేదండి.”

“మరెందుకు రాశావు?”

నాగూర్ తెరేసమ్మ వంక ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

“చూశారా మదర్! సమాధానం ఉంటేగా చెప్పడానికి!” అంది ఆమె.

మరుసటి వారం కాన్వెంటు పని ఇంకొకరికి వెళ్ళింది.

ఆ తర్వాత దారాలు కొనడానికి వన్‌టౌన్ వెళ్ళినప్పుడల్లా తెరేసమ్మ పనిగట్టుకుని ఆ సందులోంచే నడిచేది. మొదట్లో కొట్టు ముందు ఒకరిద్దరు కనిపించేవారు. తర్వాత నాగూర్ ఒక్కడే బల్లమీద చేతులు పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ ఉండేవాడు. నాలుగో నెలలో తలుపులకి తాళం పడింది.

“ఆటోనగర్లో రోజు కూలీకి లారీ ఇంజన్లు కడుగుతున్నాడమ్మా. మంచి పనివాడు, పాపం,” అన్నాడు పక్కనే బొత్తాలు అమ్మే ఆయన.

ఆ రోజు తెరేసమ్మ కొరమేను కొనుక్కుని ఇంటికి వెళ్ళింది.

“మూయించానండీ!” అంది భర్త కంచంలో పులుసు పోస్తూ.

బాలశౌరి ముల్లు ఏరుకుంటూ, “దొంగవెధవకి అలాగే కావాలి,” అన్నాడు.

ఆదివారం పూజ అయిపోయి జనం చర్చి మెట్లు దిగుతున్నారు. గేటు దగ్గర బురఖా వేసుకున్న ఒకావిడ నిలబడి ఉంది. తెరేసమ్మని చూడగానే ముసుగు వెనక్కి తీసి ఎదురొచ్చింది.

“తెరేసమ్మగారంటే మీరేగా? నేను నాగూర్ ఇంటిదాన్ని. షాహీదా అంటారు.”

తెరేసమ్మ కొంగు నడుముకి చుట్టుకుంది. చుట్టూ జనం ఆగారు.

“ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందా? డబ్బు తెచ్చావా?”

“తేలేదమ్మా. ఆ పద్దెనిమిది రూపాయలు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.”

“బిల్లు రాసింది మీ ఆయన కాదూ?”

“ఆయనే రాశాడు. మదర్‌గారి ముందు ఒప్పుకున్నాడు కూడా.”

బాలశౌరి భార్య రెక్క పట్టుకున్నాడు. “పద పద. చర్చి ముందు ఈ గొడవేంటి, నలుగురూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి! నాకు కావలసిందీ అదే. నలుగురి ముందూ చెప్పనివ్వండి!” అని తెరేసమ్మ అక్కడే కాళ్ళు నిలదొక్కుకుని నిలబడింది. “చెప్పవే, మరి ఆ డబ్బు ఏమైంది?”

షాహీదా కళ్ళనిండా నీళ్ళున్నాయి.

“ఎవరికీ చెప్పనని మా ఆయన మాటిచ్చాడు, కొట్టు పోయినా నోరు విప్పలేదు. నేను మాటివ్వలేదమ్మా,” అంటూ ఆమె వేలెత్తి చూపించింది. “పేకాటలో డబ్బులు పోయాయని మా ఆయన్ని బతిమాలి, బిల్లు మీద పద్దెనిమిది ఎక్కువ రాయించుకుని జేబులో వేసుకుపోయింది ఇదిగో, మీ రెక్క పట్టుకు లాగుతున్న ఈయనే!”