పైకి మారని దిమ్మ

లిఫ్టు పాడైంది. రొప్పుతూ మూడో అంతస్తుకు మెట్లెక్కుతున్న గామాను వెనకనుంచి ఎవరో దాటేశారు.

చూస్తే డెబ్బై దాటిన పెద్దావిడ!

గామా అసలు పేరు ల్యాబ్‌లో ఏనాడో మరిచిపోయారు. ప్లాస్టిక్ దిమ్మలకు గామా కిరణాలు పట్టించడం ఆమె పని. ఇవాళ ఆ పనికో దండం పెట్టేద్దామని ప్రొఫెసర్ గారి కోసం వచ్చింది.

"కిరణాలు పట్టించేది ఇక్కడేనా అమ్మాయ్?" ల్యాబ్ గుమ్మంలో పెద్దావిడ.

తనిఖీకి వచ్చిన మనిషి కాబోలనుకుంది గామా. బల్లమీద అరచేతిలో పట్టేంత తెల్లటి దిమ్మలు రెండు చూపించింది.

"ఇది కిరణాలు తగలనిది. ఇది తగిలినది."

"రెండూ ఒకేలా ఉన్నాయే!"

"మా అమ్మా అదే అంటుందండీ. పెట్టింది పెట్టినట్టే బయటికి తీస్తావు, దానికో జీతమా అని."

పెద్దావిడ పకపకా నవ్వింది. "మరి మారేదేమిటి?"

"లోపల దారాల్లాంటి అణువులుంటాయి. కిరణాలు తగిలితే, దిమ్మ కరగకుండానే, అవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. ఇక ఎంత రాపిడి పెట్టినా ఓ పట్టాన అరగదు."

ఆవిడ రెండో దిమ్మను చేతిలోకి తీసుకుంది.

"భయపడకండి, కిరణాలు అందులో ఉండిపోవు."

"నాకా భయం!" అని మళ్ళీ నవ్వింది. అంత నవ్వేముందో గామాకు అర్థం కాలేదు.

"అయితే పని పూర్తయినట్టేనా?"

"లేదండీ. దీన్ని ఓవెన్‌లో పెట్టాలి. లేకపోతే జత దొరకని కొసలు లోపల మిగిలిపోయి, కొన్నేళ్ళకు దిమ్మను పెళుసు చేసేస్తాయి."

"మరి పెట్టలేదేం?"

గామా తల దించుకుంది. "ఉద్యోగం మానేస్తున్నానండీ. ఎవరికోసం పెట్టాలి? నేను మొట్టమొదట చేసిన దిమ్మను ఎవరో పట్టుకెళ్ళారు. ఏళ్ళు గడిచినా ఉలుకూ పలుకూ లేదు."

"మానెయ్, నీ ఇష్టం. ముందు దాన్ని ఓవెన్‌లో పెట్టు!"

అచ్చం అమ్మ కసిరినట్టే ఉంది. గామా ఆవిడ చేతిలోని దిమ్మను తీసుకుని ఓవెన్‌లో పెట్టేసింది.

పెద్దావిడ ఆమె బుగ్గలు పుణికి, "చల్లగా ఉండు తల్లీ! నా బస్సు వెళ్ళిపోతుంది," అంటూ మెట్లమీద టకటకా దిగిపోయింది.

కాసేపటికి ప్రొఫెసర్ గారు ఆయాసపడుతూ వచ్చారు.

"ఒక పెద్దావిడ నిన్ను చూడాలని వచ్చిందట. లిఫ్టు లేదుగా, కింద ఎక్కడైనా కూర్చుందేమోనని గదులన్నీ వెతికాను."

"తనిఖీ ఆవిడా? మెట్లెక్కే వచ్చిందండీ, నన్ను దాటుకుని మరీ."

"మెట్లెక్కిందా!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. కళ్ళలో నీళ్ళు, మొహమంతా నవ్వు. "తనిఖీ ఏమిటి, నీ మొహం!"

గామా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద పెద్దావిడ కదిలే బస్సును చెయ్యెత్తి ఆపి, ఎక్కేసింది. బస్సు మలుపు తిరిగింది.

"అది సరే, నాతో ఏదో చెప్పాలన్నావు?"

"అది తర్వాతండీ. ముందు ఆవిడెవరో చెప్పండి!"

"తుంటి కీలు అరిగిపోయి మంచం దిగలేకపోయిన మనిషమ్మా... ఇప్పుడావిడ తుంటిలో ఉన్న కీలుగిన్నె, నీ మొట్టమొదటి దిమ్మలోంచి చెక్కినదే!"