కొర్రమట్ట కాటు

"రెండు బీడీలు కాలేదాకా నీళ్లల్లనే ఉంట" అని మునిగిన రాంజీ, ఒక్క బీడీ అంటుకోకముందే రొప్పుతూ తేలాడు. పొద్దుటి నుంచి అది తొమ్మిదో మునక.

బయ్యారం చెరువులో చేపపిల్లల లెక్క చూసే స్వచ్ఛంద దళంలో మునిగేది రాంజీ, రాసేది కళావతి. పిల్లల గుంపులు కనబడకుంటే రేపే చేపలు పట్టే వలలు దిగుతాయి.

"ఎన్ని గుంపులు, బాపూ?"

"ఏడు! పిల్లలకు కావలున్న తల్లి కొర్రమట్ట చేప కరిచింది గూడ, సూడు."

వేలికి నెత్తురుంది. అయినా కళావతి రాయలేదు. కిందటిసారి మొసలిని చూశానన్నదీ ఈయనే.

"నిజం చెప్పు."

రాంజీ గట్టున కూలబడ్డాడు. "ఒక్కటే, బిడ్డా. ఒక్కటంటే ఎవలింటరు?"

"ఒక్క గుంపున్నా వలలు ఆపుతరు, బాపూ."

"గా ముచ్చట ముందే చెప్పరాదు? పానం సొలసినోన్ని, ఉత్తగనే ఆరు గుంపుల్ని కన్న!"