మూడు పుస్తకాల మాట

“మూడు పుస్తకాలు తప్పు, మీరొక్కరే ఒప్పా బాపూ?”

తనూజ విసుగ్గా పుస్తకాలను బల్ల మీద పరిచింది. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. భూపాలపల్లిలో బొగ్గు బావులు బందయ్యాయి. కార్మికుల దీక్షా శిబిరంలో ఓ మూల కూర్చుని, అరవై తొమ్మిది నాటి తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల జాబితాను సరిచూస్తోంది ఆ పరిశోధక విద్యార్థిని. సాయంత్రానికి అది అచ్చుకు పోవాలి.

ఎదురుగా అరవై దాటిన ఓ రైతు. ఆయన పక్కన తండా నుంచి వచ్చిన మోతీబాయి. ఎనభై ఏళ్ల ఆ తల్లి కొంగుకు ముడి వేస్తోంది, విప్పుతోంది.

“జనగామ ఊరేగింపుల, తొక్కిసలాటల సచ్చిపోయింది రాంజీ. ఈ అవ్వ కొడుకు,” అన్నాడు రైతు. “నిన్న మైకుల మీరు పేర్లు సదివిన్రు. వాని పేరు రాలే. పొద్దుగాల్నే పోయి అవ్వను తోల్కొచ్చిన. నేనెవరో గాదు బిడ్డా...”

“మీరెవరైతే ఏంది? నాకు ఆధారం కావాలె. చనిపోయింది మొగుళ్లపల్లి భిక్షపతి అని ముగ్గురు పండితులు రాసిన్రు. ఎక్కడి నుంచి తీసుకున్నరో కింద చూపించిన్రు గూడ.”

“గదేందో జర సదువు.”

చదివింది. మూడో పుస్తకానికి ఆధారం రెండోది. రెండోదానికి మొదటిది. మొదటిదానికి ఆనాటి పత్రికలో నాలుగు వరుసల వార్త. తనూజకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఒక్క సాక్ష్యాన్నే మూడనుకుంది.

“ముందు గొర్రె దుంకింది, ఎనకవి దుంకినయి,” అని నవ్వాడాయన.

“మరి పేపరోళ్లకు ఆ పేరు ఎట్ల దొరికింది?”

“అంగి జేబుల హాల్ టికెట్ ఉండె. దాని మీది పేరు రాసుకున్నరు.”

“ఇంకేంది మరి! అంతకంటే రుజువు ఏముంటది?”

“హాల్ టికెట్ అసలుదే. అంగే వానిది గాదు. హాస్టల్ల మా అర్రల నలుగురికి మంచి అంగి ఒక్కటే. ఎవడు బయటికి పోతే వాడు తొడుక్కునేది. ఆ పొద్దు రాంజీ తొడుక్కున్నడు.”

మోతీబాయి తనూజ చెయ్యి పట్టుకుంది. “నా రాంజీ పేరు సదువుతరా బిడ్డా? ఒక్కసారి ఇని పోత.”

తనూజ పెన్ను తీసింది. జాబితాలో భిక్షపతి పేరు కొట్టేసి, రాంజీ అని రాసింది.

“నేను నమ్మిన బాపూ. కానీ మా సారు నమ్మాలంటే, చూసి చెప్పినోళ్ల పేరు, ఊరు కింద రాయాలె. ముందే అడగాల్సింది, మర్చిపోయిన. చెప్పుండ్రి.”

ఆయన జేబులోంచి ఓటరు కార్డు తీసి, పుస్తకాల మీద పెట్టాడు.

“ఊరు మొగుళ్లపల్లి. పేరు నీ మూడు పుస్తకాలల్ల ఉన్నదే బిడ్డా.”