మైనస్ ఇరవై మూడు

పడవలతో నోటితో మాట్లాడడం మనుషులు ఎప్పుడో మానేశారు. ఇప్పుడన్నీ అంకెలే. పడవ సిగ్నలు ఎంత బాగా వినిపించిందో మా రేవు కేంద్రంలోని యంత్రం ఒక అంకెగా తిరిగి పంపుతుంది. మైనస్ ఇరవై కంటే కిందికి దిగితే పడవ మా చెవికి అందకుండా పోతోందని, వెనక్కి తిప్పుకోవాలని అర్థం. కానీ మైనస్ అంటే మనవాళ్ళకు నామోషీ. పడవలు నడిపే సరంగులు అలిగారు. పైవాళ్ళు అందరికీ ప్లస్ పదే పంపమన్నారు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ దేవుడి పటాల పక్కన ఆ ప్లస్ పది ఫ్రేము కట్టి వేలాడుతోంది.

ఆ మధ్యాహ్నం గాలి ముదిరింది. ఐదు పడవలు మైనస్ ఇరవై మూడుకు దిగిపోయాయి. యంత్రం ఐదింటికీ ప్లస్ పది పంపింది.

ఒళ్ళు మండి, మైలపల్లి ఎర్రయ్య పడవకు ఉన్న అంకె ఉన్నట్టు కొట్టాను. రెండో పడవకు కొట్టబోతుంటే సూపర్‌వైజరు ధర్మానందం గారు కీబోర్డు లాగేసుకున్నారు.

"పరువుగల మనుషులమ్మా వాళ్ళు. కాస్త మర్యాద నేర్చుకో," అన్నారు.

పొద్దుగూకకముందే ఎర్రయ్య తడిబట్టలతో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"నన్ను మైనస్ అంటావేటి? మా వంశంలో మైనస్ తెచ్చుకున్నోడు లేడు. నీ మీద ఫిర్యాదు రాయడానికే వేట ఒగ్గేసి వచ్చినాను."

ధర్మానందం గారు దగ్గరుండి ఫిర్యాదు రాయించారు. నా చేత క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టించారు.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. మిగిలిన నాలుగు పడవల నుంచి ఏ ఫిర్యాదూ రాలేదు.