పట్టు తప్పిన వేళ్ళు

అక్క తమ్ముడి గొంతు పట్టుకుని ల్యాబ్ గోడకేసి కొట్టింది. అతని కళ్ళు బైర్లు కమ్మాయి.

"అమ్మ పొద్దున పోయింది రా! కడసారి చూపుకి కూడా రాలేదు నువ్వు!"

"ప్రయోగం మధ్యలో ఉన్నానక్కా..."

"ఏం వెలగబెట్టావ్? ఆ ప్రోటీన్ జింకు వేళ్ళతో డీఎన్‌ఏని పట్టుకుని, అమ్మ కేన్సర్‌ని పెంచే జీన్ నోరు మూయిస్తుందన్నావుగా! పట్టుకుందా?"

"ఒక్కసారీ పట్టుకోలేదు. అదో చేతకాని ప్రోటీన్."

అక్క రెండో చేత్తో బల్ల మీది సీసాలన్నీ ఒక్క ఊపున తోసేసింది. ఒకటి అతని కాళ్ళ దగ్గరే భళ్ళున పగిలింది. గాజుపెంకుకి అంటుకున్న లేబుల్ అతని కంట పడింది.

ఈడీటీఏ. డీఎన్‌ఏ పాడవకుండా ఆ ల్యాబ్‌లో అందరూ అలవాటుగా కలిపే మందు. జింకు లాంటి లోహం ఎక్కడున్నా లాగేసుకుంటుంది.

"అక్కా, ఆ ప్రోటీన్ పట్టుకునేదే. జింకు ఉంటేనే ఆ వేళ్ళు నిలబడతాయి. రోజూ ఈ మందు పోసి, ఆ జింకుని నేనే లాగేశాను."

అక్క చెయ్యి అతని గొంతు మీంచి జారిపోయింది.

అతను ఆ చేతిని అందుకుని మళ్ళీ తన గొంతు మీదే పెట్టుకున్నాడు.

"వదలకక్కా. గట్టిగా పట్టుకో."