సముద్రం వచ్చిన రోజే పెళ్ళి

"పిల్ల పదో తరగతి అయ్యేదాకా ఆగవే అక్కా," అన్నాడు గాస్ మూడోసారి.

"ఆగుతాలే తమ్ముడూ! ఈ ఎడారికి సముద్రం వచ్చేదాకా ఆగమంటావా?" అంది ఖదీగా.

మేనకోడలు మోమినాని తన కొడుకు హుమేద్‌కి చేసుకోవడం ఖదీగా హక్కు. అఫార్ తెగ వాళ్ళలో మేనత్త అడిగాక కాదనే నోరు ఎవరికీ లేదు. వాయిదా వేయాలన్నా ఆవిడే వేయాలి. మోమినాకైతే అసలే నోరు లేదు. బడిలో పాఠం అప్పజెబుతుందట గానీ, సొంత మాట ఒక్కటీ పెగలదు. ఇప్పుడూ తల వంచుకునే కూర్చుంది.

పక్కనే ఇటలీ నుంచి వచ్చిన రాళ్ళ ప్రొఫెసరు టీ తాగుతున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ గట్ల మీద గవ్వలేరుకుంటున్న పెద్దమనిషి. వాళ్ళ దేశంలో గవ్వలకి కరువు కాబోలు.

"మాటొచ్చింది కదా, ఈయన్నే అడుగుదాం. సముద్రం వస్తుందా?" అన్నాడు కులపెద్ద యాయో.

ప్రొఫెసరు హుషారుగా చేతులు తిప్పాడు. ఆయన జవాబు అఫార్ భాషలో ఇలా వినిపించింది:

"ఇక్కడ నేల రెండు వైపులకీ సాగి చీలుతోంది. మధ్య భాగం మెట్లు మెట్లుగా కుంగుతోంది. ఇదివరకూ ఇలాగే కుంగితే ఎర్ర సముద్రం లోపలికొచ్చింది. పెద్ద లోతేం కాదు. పల్లంలో ఇసుకా మట్టీ మందంగా పేరుకున్నాయి. మెట్ల అంచుల మీద పలచగా పడ్డాయి. అందుకే అక్కడ పగడాలు పెరిగాయి. మీ మేకలెక్కే గట్లు అవే. సముద్రం మళ్ళీ వస్తుంది."

"ఎప్పుడు?" ఖదీగా ముందుకు జరిగింది.

ప్రొఫెసరు నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఇంకొన్నాళ్ళే."

ఖదీగా కళ్ళు మెరిశాయి. "అయితే మా గుడిసె ముందే రేవు! నా కొడుక్కి ఇక ఒంటెల మీద ఉప్పు మోసే ఖర్మేంటి, ఓడలే! పెద్దయ్యా, విను. సముద్రం వచ్చిన రోజే, ఒడ్డునే పెళ్ళి. చేపల విందు. ఒక్కరోజు ముందన్నా నేనొప్పుకోను."

"అందరి ముందూ అన్నావు. ఇక మార్చడానికి లేదు," అంటూ యాయో కర్రతో నేల మీద తట్టాడు.

"మార్చడానికి నేనేమన్నా మగాణ్ణా? ఏమే మోమినా, ఓడల యజమాని పెళ్ళానివి అవుతావే! సంబరంగా లేదూ?"

"నీ ఇష్టం అత్తా," అంది మోమినా, తల ఎత్తకుండానే.

ఖదీగా ఓ ఒంటెనిచ్చి వల తెచ్చుకుంది. గుడిసె ముందు పడవ కట్టుకోవడానికి గుంజ పాతించింది. హుమేద్ రోజూ ఇసుకలో బోర్లా పడుకుని ఈత నేర్చుకుంటున్నాడు. బాగానే వస్తోందట.

మోమినా బడికి వెళ్తోంది.

ఆ రోజు ప్రొఫెసరు ఇంగ్లిషులో అన్న "ఇంకో పది లక్షల ఏళ్ళు" అనే మాటని "ఇంకొన్నాళ్ళే" అని అఫార్‌లోకి మార్చి చెప్పింది, ఊళ్ళో ఇంగ్లిషు వచ్చిన ఒకే ఒక్క మనిషి, ఆ నోరు లేని మోమినాయే.